అమ్మగారి కాగితాల కమిటీ

మూడో అంతస్తులో ఉంటున్న అమ్మగారు పెద్దల వసతిగృహంలోని కింది గదికి మారుతున్న శుభసందర్భంగా, ఆవిడ ముఖ్యమైన కాగితాలు సర్దడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడిందని మనవి చేయడానికి సంతోషిస్తున్నాం. అధ్యక్షుడు పెద్దకొడుకు. సభ్యులు కూతురు, అల్లుడు. అమ్మగారికి సభ్యత్వం లేదు. కాగితాలు మాత్రమే ఆవిడవి.

మారతానన్నది అమ్మగారే. లిఫ్టు లేని మేడ, మొరాయించిన మోకాళ్లు. ఆవిడ మెట్లు దిగి నాలుగు నెలలైంది. కిటికీలోంచి చూస్తే వీధిలో అందరి నడినెత్తులే కనిపిస్తున్నాయి. ఎవరికి బట్టతల వస్తోందో తెలుస్తోంది గానీ మొహాలు చూసి ఎన్నాళ్లయిందో. వసతిగృహంలో వీధివైపు గుమ్మం ఉన్న గది ఒక్కటే ఖాళీ. శనివారం సాయంత్రం నాలుగింటిదాకా ఆపుతామన్నారు. ఒక దరఖాస్తు ఫారం, ఐదు కాగితాలు ఇస్తే చాలు. నాలుగు దాటితే గది వరసలో తర్వాతివాళ్లకి.

అమ్మగారు ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టు చేశారు. ఊళ్లో ఎవరి ఉత్తరం ఏ అరలో పడాలో కళ్లు చూసేలోపు ఆవిడ చేతికి తెలిసేది. అలాంటి మనిషికి తన కాగితాలు సర్దుకోవడం చేతకాదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

"ఇలా ఇవ్వండర్రా, పది నిమిషాల పని" అన్నారు అమ్మగారు.

"నువ్వు కూర్చోమ్మా. నీకెందుకు శ్రమ" అంది కూతురు.

ఆ విధంగా పత్రాలు పుత్రుల పాలయ్యాయి. అధ్యక్షుడు ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లోనూ అంతే, సెలవుల్లేవు. గొంతు సవరించుకుని ప్రారంభోపన్యాసం చేశాడు.

"కాగితాలు మూడు రకాలు. ముఖ్యం, అతిముఖ్యం, ముఖ్యాతిముఖ్యం. ఏది ఏ రకమో తేలేదాకా దాన్ని ఎవరూ చదవకూడదు. చదివితే పక్షపాతం వస్తుంది."

చదవకుండానే వారం రోజులు చర్చించారు. పదకొండేళ్ల కిందట ఖాళీ చేసిన ఇంటి కరెంటు బిల్లు ముఖ్యాతిముఖ్యంలో చేరింది. దాని మీద గుండ్రటి ముద్ర ఉంది మరి. ముద్ర చెరిగిపోయిన పాపానికి అమ్మగారి ఉద్యోగపు ఉత్తర్వు ఉత్త ముఖ్యంగా మిగిలిపోయింది.

కూతురిది రంగుల విభాగం. ఎర్ర ఫైలు, పచ్చ ఫైలు, నీలం ఫైలు, మధ్యలో అర్థంకాని రంగు ఫైలు. ఏ రంగులో ఏముందో ఒక పుస్తకంలో రాసింది. ఆ పుస్తకాన్ని ఒక ఫైల్లో భద్రపరిచింది. అది ఏ రంగు ఫైలో తెలుసుకోవాలంటే పుస్తకం చూడాలి.

అల్లుడు సొంతంగా లామినేషన్ యంత్రం కొనుక్కొచ్చాడు. దాని నోట్లోంచి బయటికొచ్చిన ప్రతి కాగితాన్నీ టపటపా కొట్టి చూపించాడు.

"చూడండి అత్తయ్యా. మనం పోయినా ఇవి పోవు."

"సంతోషం బాబూ" అన్నారు అమ్మగారు.

కాగితాలయ్యాక మందుల చీటీలకూ, కిరాణా జాబితాలకూ అమరత్వం సిద్ధించింది. గురువారం మధ్యాహ్నం అదే ఊపులో, ఇంకా నింపని వసతిగృహం ఫారాన్ని కూడా లామినేట్ చేసేశాడు. దాని మీద పెన్ను పెడితే నూనె నేల మీద కాలు పెట్టినట్టు జారింది.

కమిటీ కంగారుపడలేదు. "ఫారం చిరగదు, తడవదు. నింపలేకపోవడం ఒక్కటే లోపం. అదీ లోపలే భద్రంగా ఉంది" అని అధ్యక్షుడు బావగారిని అభినందించాడు.

"ఒరేయ్, వాళ్లు రెండు ఫారాలు పంపారు..." అని మొదలుపెట్టారు అమ్మగారు.

"నువ్వు కూర్చోమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

శనివారం పెట్టెలు దిగాయి. మొత్తం పదకొండు. మెట్టు మెట్టుకీ ఆగి, పురిటిబిడ్డను దించినట్టు దించారు. కారు నిండిపోయింది. అమ్మ కూతురితో వస్తుందని అధ్యక్షుడూ, తన భర్త తీసుకొస్తాడని కూతురూ అనుకున్నారు. ఎజెండాలో లేదు కాబట్టి అల్లుడు ఏమీ అనుకోలేదు. జిరాక్సులన్నీ కిందికి దిగాయి. ఒరిజినల్ పైనే ఉండిపోయింది.

మూడున్నరకి వసతిగృహం మేనేజరమ్మ లామినేటెడ్ ఫారాన్ని వెలుగుకి పట్టి చూసింది.

"సంతకమేదండీ? అసలు మనిషేరి?"

అధ్యక్షుడు కాగితాల జాబితా తీసి, నూటపన్నెండు పేర్లలో కిందిదాకా వెతికాడు. అప్పుడు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"ఏ పెట్టెలో పెట్టారో చూసుకో నాన్నా" అని ఫోన్‌లో అమ్మగారి గొంతు, వెనకాల హారన్ మోత వినిపించాయి.

నాలుగింటికి పది నిమిషాలుండగా గేటు ముందు సామాన్ల వ్యాను ఆగింది. మంచమూ బీరువా దించడానికి వచ్చిన కూలీలకు, "ఈ కుర్చీ కూడా వెళ్లాలి నాయనా" అని చెప్పారట అమ్మగారు. చెప్పేటప్పుడు అందులోనే కూర్చుని ఉన్నారు. వాళ్లు మంచి పనివాళ్లు. ఎదురు ప్రశ్న వేయలేదు.

కుర్చీ మేనేజరమ్మ బల్ల ముందు దిగింది. అమ్మగారు చేతిసంచిలోంచి ఒక కవరు తీశారు. నింపిన రెండో ఫారం, ఐదు కాగితాలు, అడిగిన వరసలో. రెండు ఫారాలిస్తే ఒకటి తప్పకుండా పాడవుతుందని ముప్పై నాలుగేళ్ల సర్వీసు నేర్పింది. అందుకే కమిటీ తొలి సమావేశానికి ముందే ఆరూ తీసి దాచుకున్నారు. పోయాయని కమిటీకి తెలియలేదు. చదవడం నిషేధం కదా.

"అయ్యో, ఎలా వచ్చావమ్మా?" అంది కూతురు.

"కూర్చోమన్నారుగా. కూర్చునే వచ్చాను."

గది దక్కింది. కమిటీ తనను తాను అభినందించుకుంటూ తీర్మానం చేసింది. చివరికి ఒక్క కాగితమే మిగిలింది, కూలీల రసీదు. 'మంచం 1, బీరువా 1, కుర్చీ 1, బాగా బరువు.' అది ఏ ఫైల్లోకి వెళ్లాలన్న దానిపై లోతుగా చర్చించి, సామాన్ల ఫైల్లో పెట్టారు. అల్లుడు లామినేట్ చేశాడు. అందులో తప్పేమైనా ఉందేమోనని ఎవరికీ తోచలేదు. అమ్మగారు అప్పటికే గుమ్మంలో కూర్చుని, వీధిలో వచ్చేపోయేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటున్నారు.

నవ్వుకున్న పాఠకులకు ఒక చిన్న మనవి. మీ అమ్మగారి కాగితాలు ఏ ఫైల్లో ఉన్నాయో మీకు తెలిసే ఉంటుంది. ఈ క్షణంలో ఆవిడ ఏ గదిలో ఉన్నారో లేవకుండా చెప్పండి చూద్దాం.