డ్రైవర్ తప్పు

ఆ పొద్దున అతను పెట్టుకున్నది చిన్న పనే. నెట్‌వర్క్ కార్డును నడిపించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్‌కి టన్నెల్ నేర్పాలి. అంటే, కవరులో కవరు పెట్టినట్టు వచ్చే సమాచారానికి పై కవరు విప్పి, లోపలి చిరునామా చదవడం. రాయడం నిన్ననే అయిపోయింది. మూలనున్న పరీక్ష మెషీన్‌లో ఎక్కించి చూసుకుంటే మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వెళ్లొచ్చు. ప్రతిదానికీ అనుమానపడే మనిషి కనక ఆఫీసులో అతన్ని జాగ్రత్తగారు అనేవారు.

జాగ్రత్తగారు ఒకటికి రెండుసార్లు చదువుకుని ఎంటర్ నొక్కాడు.

అంతే. హాల్లో ఫోన్లన్నీ మూగబోయాయి. కార్డు చూపిస్తే తెరుచుకునే గదుల తలుపులు బిగుసుకుపోయాయి. అద్దాల గదిలో కొత్త పార్టీతో మాట్లాడుతున్న మేనేజర్ తలుపు పట్టుకుని గుంజుతున్నాడు.

అతను భయంభయంగా తెర పైభాగం చూశాడు. అక్కడున్నది పరీక్ష మెషీన్ పేరు కాదు. ఆఫీసు మొత్తాన్ని నడిపే మెషీన్ పేరు! ఉద్యోగంలో చేరి నెల కాలేదు. "అల్లుడుగారూ, ఇవాళైనా ఎక్కడైనా పిలిచారా?" అని ఈ ఉద్యోగం దొరికేదాకా రోజూ మర్యాదగా అడిగిన మామగారి మొహం కళ్లముందు మెదిలింది.

సెక్యూరిటీ అతను మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్?"

"డ్రైవర్..." జాగ్రత్తగారు నసిగాడు. "డ్రైవర్ తప్పు. టన్నెల్ పెట్టబోయి..."

"సొరంగమా! నాకప్పుడే అనుమానం సార్. పొద్దున్నుంచీ వాడు కిందే తచ్చాడుతున్నాడు!"

ఆగమనడానికి నోరు పెగిలేలోపు అతను మెట్లు దిగిపోయాడు. కాసేపటికి మేనేజర్‌గారి కారు నడిపే డ్రైవర్‌ని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆ డ్రైవర్ సెక్యూరిటీ అతనికి సొంత బావమరిదే.

"వదులు బావా, అందరూ చూస్తున్నారు!"

"మా ఆవిడ తమ్ముడివని ఊరుకుంటాననుకున్నావా? ఏ గోడకి కన్నమేశావో చెప్పు! పోలీసులకి అప్పగిస్తా!"

జాగ్రత్తగారికి పైప్రాణాలు పైనే పోయాయి. తను నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఒక అమాయకుడు జైలుకి పోతాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అతన్ని వదిలెయ్యండి! తప్పు నాది!"

"కాదు సార్, నాదే!" కారు డ్రైవర్ ఏడుపు లంకించుకున్నాడు. "కింద వైర్ల గదిలో ఫోన్ ఛార్జింగ్‌కి పెడదామని ఏదో ప్లగ్ పీకాను!"

"నాదంటుంటే!"

"నాదే సార్, ఒట్టు!"

అద్దం వెనక నుంచి మేనేజర్ అరిచాడు. "ఎవడిదైతే ఏంటయ్యా, ముందు ఆ ప్లగ్ పెట్టి చావండి!"

ప్లగ్ పెట్టారు. ఫోన్లు మోగాయి, తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు వెలిగింది జాగ్రత్తగారికి. ప్లగ్ పీకడంతో, అతను ఎంటర్ నొక్కేసరికే ఆ మెషీన్‌కి దారి తెగిపోయింది. ఆదేశం అక్కడికి చేరనేలేదు! కుర్చీలో కూలబడి, తనివితీరా ఊపిరి పీల్చుకున్నాడు.

మేనేజర్ వచ్చి భుజం తట్టాడు. "ఎవడి తప్పో నెత్తినేసుకున్నావు. నీలాంటివాడు ఆఫీసుకొకడుండాలయ్యా." మళ్లీ అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

దారి దొరక్క మధ్యలో నిలిచిపోయిన ఆదేశం అప్పుడు తీరిగ్గా బయల్దేరి చేరాల్సిన చోటికి చేరింది. ఫోన్లు మళ్లీ మూగబోయాయి. లోపల్నుంచి మేనేజర్ తలుపు గుంజుతున్నాడు.

ఈసారి తప్పు ఒప్పుకోవడానికి పోటీకి ఎవరూ రాలేదు.