ఆమె రాలేదు

వానను ఏ డాక్టరూ పరీక్షించలేదు, అయినా వాన వచ్చింది అంటున్నారు, కరెంటు పోయింది అంటున్నారు, గేదె ఈనింది అంటున్నారు, ఎవరి నోరూ తడబడటం లేదు, తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట చివర ఉండాల్సిన 'ది'ని ప్రభుత్వం తీసుకుపోయి దాచుకుంది, ఇదెక్కడి లెక్క, అని అలివేణి ఆలోచన అక్కడిదాకా సాగేసరికి సిటీ బస్సు బస్టాండు ముందు ఆగింది.

కండక్టరు వెనక తలుపు పట్టుకుని "దిగిం" దాకా అని ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది, మాట రావడం లేదు. దిగినట్టు కండక్టరు చెబితే తప్ప డ్రైవరు గేరు వెయ్యడు.

"ఏవయ్యా, దిగడం అయిందా లేదా?" అని వెనక సీట్లోంచి ఒకాయన అరిచాడు.

"దిగడం అయిందండీ. మాటే అవటం లేదు," అన్నాడు కండక్టరు.

అలివేణి కింద నిలబడి, రోజూ చేసే పనే కనుక విసుగు లేకుండా, "దిగాను. పోనియ్యి తమ్ముడూ" అన్నాక బస్సు కదిలింది.

క్రియాంతాల క్రమబద్ధీకరణ చట్టం కిందటి నెల మొదటి తారీఖు నుంచి రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. పుట్టినప్పుడు ఎవరికి ఏది ప్రకటించారో, 'డు' గానీ 'ది' గానీ, జీవితాంతం వాళ్ళ గురించిన మాటల చివర అదే రావాలి. దానితో సరిపెట్టుకున్నవాళ్ళకు ఏ తేడా తెలియలేదు. పెరిగాక వేరే అక్షరంలోకి మారి బతుకుతున్నవాళ్ళ విషయంలో మాత్రం, జిల్లా సంఘం తేల్చేవరకు ఆ అక్షరం ప్రభుత్వం ఆధీనంలో ఉంటుంది. ఆధీనం అంటే కాగితం మీద కాదు, నిజంగానే ఎవరి నోటికీ అందదు. నాలుక అలవాటు కొద్దీ అక్కడికి వెళ్ళి, ఏమీ దొరక్క, వెనక్కి వచ్చేస్తుంది. దీనివల్ల ఆరోగ్యానికి హాని లేదని, కాసిని మంచినీళ్ళు తాగితే చాలని వైద్యులు చెప్పారు. లారీ షెడ్డులో మెకానిక్ రాజారత్నం గురించి కూడా జనం "నట్టు బిగించా" దగ్గరే ఆగిపోయి నీళ్ళు తాగుతున్నారు. ప్రస్తుతానికి క్రియలే. 'ఆమె', 'అతను' లాంటివి రెండో విడతలో, అమ్మా, అక్కా లాంటి పిలుపులు మూడో విడతలో వస్తాయని మంత్రి ప్రకటించారు.

ఒక పత్రిక విలేకరి అలివేణి దగ్గరికి వచ్చి మాటలు రాసుకుని వెళ్ళాడు. మాటలన్నీ అచ్చయ్యాయి. వాటి చివర 'అంది' అన్న రెండక్షరాలు పెట్టడం మాత్రం ఎవరికీ సాధ్యం కాలేదు. ఎవరివో తెలియని మాటలుగా అవి వాతావరణ వివరాల కింద వచ్చాయి.

చట్టం రాసినవాళ్ళు రెండు చోట్లను వదిలేశారు. ఒకటి 'నేను'. వచ్చాను, తిన్నాను అన్నప్పుడు తెలుగులో ఆడా మగా తేడా రాదు, ఎదురుగా 'నువ్వు' అన్నా అంతే. ఈ సంగతి తమకు ముందే తెలుసునని, వీళ్ళు తమ గురించి తాము చెప్పుకుంటే వినేవాళ్ళు ఉండరు కనుక పట్టించుకోలేదని ముసాయిదా సంఘం సభ్యుడు ఒకాయన వివరించాడు. రెండోది, లేదనే మాటలు. వచ్చాడు వేరు, వచ్చింది వేరు. రాలేదు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందువల్ల అలివేణి గురించి రాలేదు, చెయ్యలేదు, కట్టలేదు, కనిపించలేదు అని ఎంతసేపైనా, ఎంత గట్టిగానైనా చెప్పవచ్చు. ఆఫీసు పనులకు ఇవి సరిపోతున్నాయి.

అలివేణి ఉద్యోగం బస్టాండులో మైకు దగ్గర. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకు వచ్చిందో ప్రయాణికులకు చెప్పడం. పొద్దున్నే కంట్రోలరు గురవయ్య పేరు పిలిచి, మనిషిని కళ్ళారా చూసి, వచ్చినట్టు పైకి అని, అన్నదే హాజరులో వెయ్యాలి.

"అలివేణి," అని పిలిచాడు గురవయ్య.

"వచ్చాను సార్." ఆ గొంతు ఆయన బల్లకు మూరెడు దూరం నుంచే వచ్చింది.

"వచ్చిం," అన్నాడాయన. గొంతు సవరించుకున్నాడు. "వచ్చిం." నీళ్ళు తాగి, కిటికీ వైపు చూసి, "రాలేదు" అన్నాడు. ఆ మాట నూనె రాసినట్టు జారింది.

"నన్నేం చెయ్యమంటావమ్మా? కంటికి కనపడతన్నావు. నోటికి రావట్లేదు."

"నోటికి ఏదొస్తే అదే వెయ్యండి సార్. మీరేం చేస్తారు."

"నెలాఖరు దాకా ఇట్టాగే పడిందంటే పోస్టు తీసేస్తారు. ఆ 'డు'కి ఊఁ అన్నావనుకో, ఇప్పుడే వచ్చాడని వేసేస్తా. కలెక్టరాఫీసులో దానికి వేరే కౌంటరు పెట్టారు. క్యూ కూడా లేదంట."

"అక్కర్లేని సరుక్కి క్యూ ఎవరు కడతారు సార్?"

గురవయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. "పైనుంచి మిషను కూడా వచ్చింది. రికార్డు గొంతు. రేపు బిగిస్తారు," అన్నాడు. మిషను గురించి 'వచ్చింది' అన్న మాట అంత తేలిగ్గా తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనకే సిగ్గేసి, లేని కాగితాలు వెతుక్కోసాగాడు.

బయట వేరుశనక్కాయలమ్మే మస్తానమ్మ బుట్ట దగ్గర అలివేణికి రోజూ గుప్పెడు కాయలు దొరుకుతాయి.

"ఏందే, ఇయ్యాల కూడా రాలేదా నువ్వు?"

"రాలేదు పిన్నీ."

"రాకుండానే ఇన్ని కాయలు నమిలావంటే, వస్తే నా బుట్ట ఏమైపోద్దే!"

ఇద్దరి నవ్వుకీ పక్క టీ బంకు వాడు తల తిప్పి చూశాడు. ఆ రోజు జిల్లా సంఘం ముందు అలివేణి విచారణ. కలెక్టరాఫీసు నడిచి వెళ్ళేంత దూరమే. నడుస్తున్నంతసేపూ ఆమె మనసు ముందుకు పోకుండా వెనక వెనకే తిరిగింది.

చిన్నప్పుడు, ఆడుకుని ఇంట్లోకి అడుగు పెట్టగానే, అమ్మ పక్కింటావిడతో "ఇడుగో వచ్చాడు" అనేది. ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూడటం ఆ పసిదానికి అలవాటు. వెనక ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మాటకు మాత్రం తగలడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషి ఎక్కడో దారిలో తప్పిపోయాడని, అమ్మ పాపం రోజూ వాడి కోసమే అన్నం కలుపుతోందని అనిపించేది. రాత్రి అమ్మ "నిద్రపోయాడు" అన్నప్పుడు, మూసిన కళ్ళ వెనక, పెదవి కదపకుండా 'పోయింది' అని దిద్దుకున్నాకే నిద్ర పట్టేది. అది అబద్ధాన్ని నిజం చేసుకోవడం కాదు. అమ్మ తొందరలో తప్పు పలికిన మాటను, ఆమె నొచ్చుకోకుండా, లోపలే సరిచెయ్యడం. అన్నేళ్ళూ ఒక్క రాత్రి కూడా ఆ పని మానలేదు.

బయటి నుంచి ఆ అక్షరం మొదటిసారి వచ్చింది మస్తానమ్మ నోటి నుంచి. ఉద్యోగంలో చేరిన రోజు, టీ బంకు వాడితో, "కొత్త పిల్ల వచ్చింది చూడు, గొంతు బాగుంది." ఎవరూ అడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. ఆ మాట చెవిన పడ్డాక అలివేణికి మైకులో ఒక బస్సు నంబరు తప్పు పోయింది. ఉద్యోగమంతటిలో తప్పు పోయింది ఆ ఒక్కటే.

సంఘంలో ముగ్గురు. అధ్యక్షుడు రిటైరైన అధికారి. ఒక డాక్టరు. ఒక భాషా పండితుడు, పేరు అనంతాచార్యులు. అక్షరాలు తేల్చడంతో పాటు చట్టం మీద అభ్యంతరాలు వినడం కూడా వాళ్ళ పనే. ఇద్దరు కలిసి వస్తే వాళ్ళ గురించి 'వచ్చారు' అని మాట పూర్తిచెయ్యడం కుదిరిపోతుంది కనుక, ఒక్కొక్కరే రావాలని నోటీసులో గట్టిగా రాశారు. గది మూల ఒక టైపిస్టు అమ్మాయి, ముందు కంప్యూటరు.

"అభ్యంతరం ఏమిటి?" అన్నాడు అధ్యక్షుడు.

"వానకి సర్టిఫికెట్ అడగలేదు కదండీ," అన్నది అలివేణి మొదటి మాట.

"వాన సహజ మినహాయింపులో ఉంది."

"గేదెకి?"

"పశువుల మినహాయింపు."

డాక్టరు మంచి మనిషి. ముందుకు వంగి, గొంతు తగ్గించి, "ఆ విభాగంలో పెట్టుకున్నావంటే నీకు 'ది' రేపే వచ్చేస్తుంది. చెవికి ఒక బిళ్ళ వేస్తారు, అంతే. నొప్పి కూడా ఉండదు," అన్నాడు.

"గేదెది గేదెకే ఉండనివ్వండి డాక్టరుగారూ. దాని నోటికాడిది నాకెందుకు. నాకు మనుషులది కావాలి."

అనంతాచార్యులు గారు దగ్గి, "చిన్న మనవి. 'వచ్చారు' అంటే సరిపోతుంది. 'రు'లో ఆడామగా తేడా లేదు. సమస్య ఇక్కడితో తీరిపోతుంది," అన్నారు.

అధ్యక్షుడు చట్టం ప్రతి తిరగేశాడు. "అది గౌరవం కదండీ?"

"అవునండీ."

"గౌరవానికి వేరే జీవో ఉండాలి. మన పరిధిలోకి రాదు."

"చిత్తం," అన్నారు అనంతాచార్యులు గారు. ఆయన పేరు చివరి 'లు' ఏ జీవో కిందిదో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత అలివేణి మాటలు చాలాసేపు సాగాయి. ఈ ఊరి జనం తన మాట విని బస్సెక్కి పెళ్ళిళ్ళకు, పరీక్షలకు, ఆసుపత్రులకు వేళకు చేరారని. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ముందు నీ పుట్టుక చెప్పు, తర్వాత బస్సు నంబరు చెప్పు అనలేదని. తన గొంతు, తన పేరు, తన చీర కుచ్చిళ్ళు, ఇవన్నీ ఎవరూ ఇచ్చినవి కావని, అందుకే ఎవరూ పట్టుకుపోలేరని. మైకు అలవాటున్న గొంతు కావడంతో వరండాలో తమ వంతు కోసం ఒక్కొక్కరుగా నిలబడ్డవాళ్ళకు కూడా అది వినిపించింది. వాళ్ళలో ఒకరు చప్పట్లు కొట్టారు. బంట్రోతు వెళ్ళి ఆపాడు.

టైపిస్టు అమ్మాయి 'అలివేణి అభ్యంతరం చెప్పిం' వరకు కొట్టింది. వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఆగాయి. ఆ అమ్మాయి అధ్యక్షుడి వైపు చూసింది.

"పొద్దున్నుంచీ ఎలా కొట్టావో అలాగే," అన్నాడాయన.

'అలివేణి అభ్యంతరం చెప్పలేదు' అని తెర మీద పడింది. పైనున్న పేర్లన్నిటి ఎదురుగా అదే మాట. సాయంత్రం వార్తల కోసం, జిల్లాలో చట్టానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్న ప్రకటన అప్పటికే సిద్ధమైంది. అందులో అబద్ధమేమీ లేదు. సాధ్యమైన మాటల్లో అదొక్కటే మిగిలింది.

"చివరి ప్రశ్న," అన్నాడు అధ్యక్షుడు. "'డు'కి ఒప్పుకుంటున్నావా? ఒప్పుకుంటే హాజరంతా సరిచేయిస్తాం. ఉద్యోగం ఉంటుంది."

"ఒప్పుకోను."

టైపిస్టు వేళ్ళు ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ అమ్మాయి నియమం ప్రకారం పైకి చదివింది: "అలివేణి ఒప్పుకోలేదు."

అలివేణి చూపు తెర మీదకు వెళ్ళింది. ఆ రికార్డులో తన గురించి చివరిదాకా పూర్తయిన నిజం అదొక్కటే. లేదనే మాటలన్నీ తనను చెరిపెయ్యడానికని వదిలేశారు. వాటి మధ్య ఈ ఒక్కటి తనలాగే వెన్ను నిటారుగా పెట్టుకుని నిలబడింది.

"ఇంకొక్కసారి చదువమ్మా."

అమ్మాయి తల ఎత్తలేదు. కానీ చదివింది. ఈసారి కొంచెం గట్టిగా. "అలివేణి ఒప్పుకోలేదు."

మధ్యాహ్నానికి బస్టాండు గందరగోళంగా తయారైంది. మైకు మూగగా ఉంది. సంచులు, పిల్లలు, అట్టపెట్టెలు మోసుకుంటూ జనం ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగెత్తుతున్నారు. మైకు గది గుమ్మంలో గురవయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన మిషను అట్టపెట్టెలో ఉంది.

"లోపలికి ఎట్టా పంపేదమ్మా?" అన్నాడు. "ఇయ్యాల నువ్వు రాలేదు కదా."

"రాని మనిషిని ఎట్టా ఆపుతారు సార్?"

గురవయ్య ఆలోచించాడు. నిబంధనల్లో దానికి సమాధానం లేదు. కుర్చీ పక్కకు జరిపాడు.

ఆ మధ్యాహ్నం అలివేణి రాలేదు. మాచర్ల బస్సు ఆమె చెప్పిన చోటే ఆగింది. ఒంగోలు బస్సు ఆలస్యమని ఆమె గొంతు చెబితే జనం విసుక్కుని టీ తాగడానికి వెళ్ళారు. తప్పిపోయిన పిల్లాడు తల్లి దగ్గరికి చేరాడు. హాజరులో లేని మనిషి చూపించిన దారినే ఊరంతా ఇళ్ళకు చేరుకోవడం ఎవరికీ వింతగా తోచలేదు. అది అప్పటికే అందరికీ అలవాటైంది. అలవాటు కావడంలో ఇబ్బంది కూడా ఏమీ లేదు. గుమ్మం దగ్గర మిషను అట్టపెట్టె మీద గురవయ్య తన టీ గ్లాసు పెట్టుకున్నాడు.

చెప్పాల్సిన బస్సులన్నీ అయిపోయాయి. మామూలుగా ఆ సమయంలో మైకు కట్టెయ్యాలి. అలివేణి చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగింది. కిటికీలోంచి మస్తానమ్మ బుట్ట కనిపిస్తోంది. ప్లాట్‌ఫారం మీద జనం, ఇంకో బస్సు గురించేమో అనుకుని, తలలు పైకెత్తారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నేను అలివేణిని. వచ్చాను," అంది.