కొమ్ములు లేనివాళ్ళకి తొంభై ఒక్క రోజులు

ఒక పెద్ద అడవిలో, వెదురు పూసిన ఏడు, రోహిణి కార్తె ఎండల్లో మొదలై పుష్యమి కార్తె వానల్లో తేలిన సంగతి ఇది.

ఆ అడవికి ఒక చెరువు, చెరువుకి ఒక పొడవాటి మట్టికట్ట, కట్టని చూసుకోవడానికి ఒక శాఖ ఉండేవి. శాఖలో ఉద్యోగులు రెండు రకాలు. కొమ్ములున్నవాళ్ళు కూర్చునేవాళ్ళు. కొమ్ములు లేనివాళ్ళు నడిచేవాళ్ళు.

ఎందుకలా అని ఎవరైనా అడిగితే ఆఫీసులో ఒక కారణం చెప్పేవారు. అధికారి దగ్గరికి వచ్చిన ఫైలు ఆయన ఎడమ కొమ్ముకి తగిలించాలి. సంతకమైన ఫైలు కుడి కొమ్ముకి తగిలించాలి. తాతల నాటి నుంచీ పద్ధతి అదే. కొమ్ములు లేనివాణ్ణి అధికారిని చేస్తే ఫైలు ఎక్కడ తగిలిస్తారు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేక బొరియల్లో పుట్టిన జనం తరతరాలుగా కట్ట కావలివాళ్ళుగానే చేరి, కట్ట కావలివాళ్ళుగానే దిగిపోయారు.

చెరువుల అధికారి కుర్చీలో ఆరేళ్ళుగా దుప్పి జాతి కణుజు రాయుడు గారు ఉన్నారు. పూర్తిగా కాదు, ఇన్‌చార్జిగా. అసలు మనిషి వచ్చేదాకా కుర్చీ చల్లబడకుండా చూడమన్నారు. ఆయన ఎంత శ్రద్ధగా చూశారంటే ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చల్లబడనివ్వలేదు.

కట్ట కావలివాళ్ళు పదకొండు మంది. అందరిలోకీ పెద్దది ఉడుము నూకాలు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. తెల్లవారగానే కట్ట ఈ కొసన పొట్ట నేలకి ఆనించి పాకడం మొదలుపెట్టేది. పొట్టకి చల్లగా తగిలిన చోట ఆగేది. అక్కడ ఎండ్రకాయ బొక్క తవ్విందన్నమాట. ఎండ్రకాయని తినేది. బొక్కలో బంకమట్టి కూరేది. పైన తోకతో నాలుగు దెబ్బలు వేసి గట్టిపరిచేది. ఎండ తల మీదికొచ్చేసరికి ఆ కొసకి చేరేది.

కట్ట వెనక పల్లంలో నలభైకి పైగా బొరియలున్నాయి. నూకాలు అక్క పైడమ్మ కాపురం అక్కడే. కట్ట ఉంటే వాళ్ళు ఉంటారు. అందుకని నూకాలు ఏనాడూ సెలవు పెట్టలేదు.

ఆ రోహిణిలో పెద్దపులి గారి దగ్గర నుంచి ఉత్తర్వు దిగింది. శాఖలో సగానికి పైగా బొరియ జనమే పని చేస్తున్నా వాళ్ళలో ఒక్క అధికారీ లేడు కాబట్టి, చెరువుల అధికారి పోస్టు ఈసారి వాళ్ళకే ఇవ్వాలి. సర్వీసులో పెద్దవాళ్ళకి ఇవ్వాలి.

రాయుడు గారి తల వణికింది. ఎడమ కొమ్ము మీది ఫైళ్ళు జలజలా రాలాయి. ఫైళ్ళు తగిలించడానికి చేతులు కావాలి కాబట్టి కొమ్ములు లేకున్నా ఆఫీసులో ఉంచుకున్న సూపరింటెండెంటు కొండముచ్చు సూరప్ప వాటిని ఏరుతూ పళ్ళికిలించాడు.

"నవ్వుతావేంటయ్యా? నా కుర్చీ పోతుంటే!"

"కుర్చీ ఎక్కడికి పోతుంది సార్? నాలుగు కాళ్ళున్నా అది నడవదు. మనం ఈ ఉత్తర్వుకి అడ్డు చెప్పకూడదు. దండ వేసి స్వాగతం పలకాలి."

"తర్వాత?"

"పాపం బొరియ జనానికి నాయకత్వం అలవాటు లేదు కదా. శిక్షణ ఇప్పిద్దాం."

"శిక్షణ ఇస్తే నేర్చుకుంటారు కదయ్యా!"

"నేర్చుకోనివ్వండి. ప్రమోషన్‌కి ఆ ఏటి పనితీరు నివేదిక కావాలి. తొంభై రోజులకి మించి సీట్లో లేనివాళ్ళకి ఆ ఏడు నివేదిక రాయకూడదని రూలు. మన శిక్షణ తొంభై ఒక్క రోజులు."

రాయుడు గారు కాసేపు నెమరు వేశారు. "అంటే శిక్షణ పొందినవాళ్ళకి అర్హత పోతుంది."

"పొందనివాళ్ళకి ముందే లేదు సార్."

"ఆహా!" అన్నారు రాయుడు గారు. అంతలోనే ఆయనకి ఇంకో అనుమానం వచ్చింది. "పదకొండు మందీ వెళ్ళిపోతే కట్ట మీద ఎవరుంటారు?"

"మీరే. కట్ట కావలి ఇన్‌చార్జిగా అదనపు బాధ్యత. నెలకి రెండు మోపుల గడ్డి కూడా అదనంగా వస్తుంది."

రోహిణి కార్తె మూడో రోజున రాయుడు గారు రెండు ఉత్తర్వుల మీద సంతకం పెట్టారు. ఒకటి కావలివాళ్ళని శిక్షణకి పంపేది. రెండోది తనకి కట్ట అప్పగించేది. రెండూ కుడి కొమ్ముకి ఎక్కాయి.

బొరియల్లో పండగ అయిపోయింది. మనవాళ్ళలో ఒకరు కుర్చీ ఎక్కబోతున్నారని పల్లమంతా చెప్పుకున్నారు. నూకాలుకి మాత్రం సంతోషం సగమే. వెళ్ళేముందు సూరప్ప దగ్గరికి పోయింది.

"వానలు ముందున్నాయండి. శిక్షణేదో సంక్రాంతి దాటాక పెట్టొచ్చు కదా? లేకపోతే సగం మంది ఇప్పుడు, సగం మంది తర్వాత..."

"చూడు నూకాలూ, మీకు అవకాశం రాదని ఏడుస్తారు. వస్తే ముహూర్తం అడుగుతారు. ఇదే మీతో వచ్చిన చిక్కు."

శిక్షణ కొండ మీద. శిక్షకుడు నెమలి మాస్టారు. ఆయన ఎన్నడూ ఏ ఆఫీసులోనూ పని చేయలేదు. అయినా తోక విప్పితే ఎదురుగా ఉన్నవాళ్ళకి ఇంకేమీ కనిపించదు కాబట్టి ఆయన్ని పెట్టారు.

మొదటి పాఠం, నిలబడటం. "వెనక కాళ్ళ మీద లేవండి! తల పైకి! చూపు దూరాన కొండల మీద! ఇది గుర్తుపెట్టుకోండి, నాయకుడి పొట్ట నేలకి ఆనదు."

"ఆనకపోతే తడి ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అంది నూకాలు.

"తడి గురించి కిందివాళ్ళు నివేదిక పంపుతారు."

"ఆ కిందివాళ్ళం మేమే కదండీ. ఇక్కడున్నాం."

నెమలి మాస్టారు పుస్తకంలో 'వాదించే స్వభావం' అని రాసుకున్నారు.

రెండో పాఠానికి అందరి నెత్తికీ కట్టెకొమ్ములు కట్టారు. వాటికి ఫైళ్ళు తగిలించి మెడ వంగకుండా నడవాలి. నూకాలు మెడ పక్కకి వాలిపోయింది. "నాకు ముందు కాళ్ళున్నాయి మాస్టారూ. చేత్తో పట్టుకుంటాను," అంది.

"చేత్తో పట్టుకునేవాణ్ణి బంట్రోతు అంటారు."

వెనక వరసలో ముళ్ళపంది అప్పన్న గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా నూకాలుతో కలిసి కట్ట మీద చేస్తున్నాడు. ఎక్కడా నోరు ఊరుకోదు. "నాకు వీపు నిండా ఉన్నాయండి, పొడుగువి. శాఖలో ఫైళ్ళన్నీ ఒక్కసారే తగిలించుకోవచ్చు. ఈ కట్టెముక్కలు దేనికి?"

"అవి కొమ్ములు కావు."

"గుచ్చి చూపించమంటారా?"

అప్పన్నకి ఆ వారం సున్నా మార్కులు పడ్డాయి.

మూడో పాఠం, మాట్లాడటం. చెప్పాల్సింది ఏమీ లేనప్పుడు అరగంట మాట్లాడాలి. చెప్పాల్సింది ఉన్నప్పుడు పరిశీలిస్తాం అనాలి. బొరియ జనం మొదటి భాగంలో తప్పారు. రెండో భాగంలో మరీ ఘోరంగా తప్పారు.

మృగశిర పోయింది. ఆరుద్రలో వానలు పట్టుకున్నాయి. చెరువు నిండుతోందని కొండ మీది నుంచే కనబడుతోంది. పునర్వసు కార్తెలో ఒక్కరోజు సెలవు ఇచ్చారు. అందరూ ఇళ్ళకి పోయారు. నూకాలు కట్ట మీదికి పోయింది.

పొట్ట ఆనించింది. చల్లగా ఉంది. పది అడుగులు పాకింది. చల్లగానే ఉంది. మూడో మలుపు దగ్గర పొట్ట కింద మట్టి మెత్తగా కదిలింది. ఎండ్రకాయలు నెలన్నర నుంచీ అడిగేవాళ్ళు లేక పిల్లా జెల్లాతో కాపురాలు పెట్టేశాయి. ఇన్‌చార్జి గారు ఒకే ఒక్కసారి వచ్చి, కట్ట మీద నిలబడి, చెరువు అందం చూసి, గడ్డి మేసి వెళ్ళారని ఒక కొంగ చెప్పింది.

సాయంత్రం దాకా తొమ్మిది బొక్కలు పూడ్చింది. ఇంకా డెబ్భై దాకా కనిపిస్తున్నాయి. ఒళ్ళంతా బురదతోనే సూరప్ప దగ్గరికి పరుగెత్తింది.

"మూడో మలుపు ఉబికిందండి. మా వాళ్ళని పది రోజులు వదలండి. పూడ్చేసి మళ్ళీ కొండెక్కుతాం."

"అసలు నువ్వు కట్ట మీదికి ఎందుకెళ్ళావు? నువ్వు ఇప్పుడు శిక్షణలో ఉన్నావు. కట్ట రాయుడు గారిది. అనుమతి లేకుండా పైఅధికారి పని చేయడం ఎంత తప్పో తెలుసా?"

"కట్ట తెగితే పల్లం పోతుందయ్యా!"

"అరవకు. రేపు పొద్దున హాజరు పలికేసరికి నువ్వు కొండ మీద లేకపోతే పేరు కొట్టేస్తారు. తగిన అభ్యర్థి దొరకలేదని రాస్తారు. ఆ పోస్టు ఇక మీవాళ్ళకి జన్మలో రాదు. ఆలోచించుకో. నేను నీ మంచికోరే చెప్తున్నాను."

నూకాలు పల్లంలోకి దిగి పైడమ్మకి అంతా చెప్పింది. "నేను పోనక్కా. కట్ట మీదే ఉంటాను. కుర్చీ పోతే పోనీ."

పైడమ్మ చెల్లెలి వీపు మీద బురద గీకుతూ ఉంది. చేయి ఆపింది. "నోర్ముయ్యవే. మన అమ్మ ఆ కట్ట మీదే చచ్చింది. అమ్మమ్మా అంతే. ఒక్క ఏడాది ఓపిక పడితే కుర్చీలో కూర్చుని నువ్వే పదకొండు మందిని కాదు, పాతిక మందిని పెట్టొచ్చు. ఇన్నాళ్ళు ఆగిన కట్ట ఇంకో నెల ఆగదూ?"

"ఆగదక్కా. పొట్టకి తెలుస్తోంది."

"నీ పొట్టకి ఎప్పుడూ భయమే. నీ పేరు చెప్పుకుని నా పిల్లలు పెద్ద బళ్ళో చేరదామనుకుంటున్నారు. పో, కొండెక్కు."

చుట్టుపక్కల బొరియల్లోంచి కూడా తలలు బయటికి వచ్చాయి. అందరిదీ ఒకటే మాట, పో. నూకాలు అర్జీ ఒకటి రాసి సూరప్ప బల్ల మీద పెట్టి పోయింది. సూరప్ప దాన్ని రాయుడు గారి ఎడమ కొమ్ముకి తగిలించాడు.

పుష్యమి కార్తెలో నాలుగు రోజులు ఆగకుండా వాన పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం, నెమలి మాస్టారు తల ఎత్తుకుని చప్పట్లు అందుకోవడం ఎలాగో నేర్పుతుండగా, కింద ఉరిమినట్టు పెద్ద చప్పుడైంది. చూపు దూరాన కొండల మీద పెట్టినవాళ్ళకి ఏమీ కనబడలేదు. నూకాలు ఒక్కతే కిందికి చూసింది. కట్టెకొమ్ములు ఊడబెరికి పరుగెత్తింది. వెనకే అప్పన్న, మిగతావాళ్ళూ పరుగెత్తారు.

మూడో మలుపు దగ్గర కట్ట లేదు. మూడు రోజులు వాళ్ళు బురద తవ్వారు.

నాలుగో రోజున పెద్దపులి గారు వచ్చారు. ఆయన వెంటనే విచారణ అన్నారు. "చెరువుల అధికారి ఎవరో నా ముందు నిలబెట్టండి. మధ్యాహ్నం భోజనం వేళకి తేలిపోవాలి."

రాయుడు గారు సూరప్పని పొద చాటుకి లాక్కుపోయారు. "చచ్చానయ్యా! ఏదో ఒకటి చెయ్యి!"

"నూకాలుకి ప్రమోషన్ ఇచ్చేద్దాం సార్. పులిగారి మొదటి ఉత్తర్వు ఉండనే ఉంది. రోహిణి కార్తె మొదటి రోజు నుంచి వర్తిస్తుందని తేదీ వేద్దాం. కట్ట తెగినప్పుడు అధికారి ఆవిడే అవుతుంది."

"మరి ఆ తొంభై రోజుల రూలు?"

"అది కుర్చీ ఇవ్వకూడదనుకున్నప్పటి రూలు. ఇప్పుడు ఇవ్వాలనుకుంటున్నాం కదా."

పది నిమిషాల్లో ఉత్తర్వు తయారైంది. ఆరు తరాలుగా కాని పని అది. సూరప్ప అడవిమల్లెల దండ కూడా తెచ్చాడు. పులి గారి ఎదుట, బురదలో నుంచి లేచి వచ్చిన నూకాలు మెడలో రాయుడు గారే స్వయంగా వేశారు.

"అభినందనలు నూకాలు గారూ! బొరియ జనంలో మొదటి అధికారి మీరే. ఏలినవారూ, చెరువుకి బాధ్యురాలు ఈవిడే."

గారు అన్న మాట నూకాలు మొదటిసారి విన్నది. దండ తీసి పక్కన పెట్టింది. ఉత్తర్వు చేత్తో పట్టుకుని చదివింది. తేదీ దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"రోహిణి మొదటి రోజు నుంచి అధికారిని నేనేనా?"

"మీరే, మీరే," అన్నాడు సూరప్ప.

"పులిగారి ముందు గట్టిగా చెప్పండి."

"మీరేనండీ బాబూ!"

"అయితే మూడో రోజున మమ్మల్ని కొండెక్కమని సంతకం పెట్టింది ఎవరు? అధికారిని నేనైతే నా కుర్చీలో దొంగతనంగా కూర్చున్నది ఎవరు?"

రాయుడు గారి నెమరు ఆగిపోయింది.

"ఇంకోటి. అదే రోజున కట్ట కావలి ఇన్‌చార్జిగా చేరిన రాయుడు నా కింద నౌకరు అన్నమాట. ఏమయ్యా రాయుడూ, కట్ట మీద ఎందుకు లేవు?"

అప్పన్న వెనక నుంచి అందుకున్నాడు. "పాపం, చూపు దూరాన కొండల మీద పెట్టి ఉంటాడు వదినా!"

"నేను... నేను అదనపు బాధ్యత మాత్రమే..." అన్నారు రాయుడు గారు. ఆయన తల ఊపుడికి ఎడమ కొమ్ము నుంచి ఒక కాగితం జారి పులి గారి కాళ్ళ దగ్గర పడింది. మూడో మలుపు ఉబికిందని నూకాలు రాసిన అర్జీ అది.

పులి గారికి చదవడం అంతగా రాదు. కానీ ఎండ తల మీదికి వచ్చింది. ఎదురుగా ఉన్నది కణుజు. విచారణ సరిగ్గా భోజనం వేళకి ముగిసింది.

సూరప్ప ఆ పూట ఎత్తైన మద్దిచెట్టు మీద గడిపాడు. మర్నాడు దిగి వచ్చి కుర్చీ తుడిచి నూకాలు ముందు చేతులు కట్టుకున్నాడు.

"మొదట్నుంచీ మీరే ఉండాలని అందరితో అంటూనే ఉన్నాను మేడం. తమరి మొదటి ఉత్తర్వు?"

"కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా పొట్ట ఆనించి పాకు."

"నాకు అలవాటు లేదండి."

"నేర్చుకుంటావు. తొంభై ఒక్క రోజులున్నాయి."

ఈ కథకి నీతి: మీలో ఒకరు పెద్ద కుర్చీ ఎక్కాలంటే ముందు పనితనం చూపించి లాభం లేదు, ఏదో ఒక కట్ట తెగాలి.

ఆ ఏడు పల్లంలో ముప్పై ఒక్క బొరియలు మునిగాయి. పైడమ్మ, ఆమె నలుగురు పిల్లలు పదకొండో బొరియలో దొరికారు.