నాలుగు గీతల చొక్కా

ఆ ఉదయం వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. తెల్ల చొక్కా, ముదురు నీలం కోటు, నల్ల బూట్లు. సంచిలో లైసెన్సు, వైద్యపరీక్ష సర్టిఫికెట్, ఎగిరిన గంటల లాగ్‌బుక్కు. విమాన కంపెనీలో కో-పైలట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈ పిలుపు కోసం రెండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటారు.

నాన్న టైలరు. చొక్కాను కోటులోకి దూర్చి, చేతుల్లో చేతులు అమర్చి, రెంటినీ ఒకే హ్యాంగరుకు తగిలించి తెచ్చాడు.

"రెండూ కలిపే తొడుక్కో. విడదీశావంటే ఇస్త్రీ చెడుతుంది."

"నేనేమన్నా షాపులో బొమ్మనా నాన్నా?"

"ఈ ఒక్కసారికి మాట విను తల్లీ!"

విన్నది. అక్కడే కొంప మునిగింది.

కంపెనీ ఆఫీసుకు వెళ్లాక, ముఖం కడుక్కుందామని కోటు విప్పి అద్దంలో చూసుకుంది. రెండు భుజాల మీదా నాలుగేసి బంగారు గీతలు! నాలుగు గీతలంటే కెప్టెన్, కో-పైలట్‌కు రెండే. ఇంకా ఉద్యోగమే రాని పిల్లకు నాన్న ఏకంగా కెప్టెన్ హోదా కట్టబెట్టేశాడు. గోళ్లతో పీకింది, పళ్లతో లాగింది. నాన్న కుట్టు ఊడితేగా! ఇంతలో లోపలికి రమ్మన్నారు. చేసేదిలేక కోటు తొడుక్కుని, గుండీలన్నీ బిగించి వెళ్లింది.

గదిలో ఏసీ చెడిపోయింది. యూనిఫాంలో ఉన్న పెద్ద కెప్టెను, పక్కన మేనేజరమ్మ, ఇద్దరూ కోట్లు కుర్చీలకు తగిలించి కాగితాలతో విసురుకుంటున్నారు.

"కోటు తీసెయ్యమ్మా, ఉక్క చంపేస్తోంది," అన్నాడు కెప్టెన్.

"ఫర్వాలేదండీ. నాకు కాస్త చలి."

ముక్కు మీంచి చెమట చుక్క జారి లైసెన్సు మీద పడింది.

"చలంటున్నావు, ఈ చెమటలేంటి? జ్వరమా?" అంటూ మేనేజరమ్మ కంగారుగా కంపెనీ డాక్టరుకు ఫోన్ కొట్టింది. డాక్టరు స్టెతస్కోపుతో ఊడిపడ్డాడు.

"కోటు తియ్యాలమ్మా."

జ్వరమని రాస్తే ఉద్యోగం గోవిందా. కోటు తీస్తే పరువూ ఉద్యోగమూ రెండూ గోవిందా. ఇక తప్పదని తీసింది.

కెప్టెన్ నోరు వెళ్లబెట్టాడు. "ఎవరమ్మా నీకు ప్రమోషన్ ఇచ్చింది?"

"మా నాన్నండీ. టైలరు. నాకు చెప్పకుండా కుట్టేశారు. మీరు ఆయన్ని చూసి నవ్వుతారేమోనని దాచాను."

"గాల్లో ఇంజిను మొరాయించినా ఇలాగే చలి అంటావా?"

"అననండీ. అక్కడ దాస్తే జనం ప్రాణాలు పోతాయి. ఇక్కడైనా అబద్ధం అబద్ధమే. తప్పు నాదే." ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

కెప్టెన్ లేచి వచ్చి ఓ గీత కొస పట్టుకుని లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. చొక్కాతోపాటు పిచ్చుకే కదిలింది గానీ గీత కదల్లేదు. ఆయన తన భుజం వైపు చూసుకున్నాడు. అక్కడ రెండు గీతలు పిన్నీసు దయవల్ల నిలబడి ఉన్నాయి.

"మా యూనిఫాంలు కుట్టేవాడి పనితనం ఇదీ! ముందు మీ నాన్నగారి నంబరివ్వు."

"మరి నా ఇంటర్వ్యూ అండీ?"

"కూర్చో, అడుగుతా. ఆ కోటు మాత్రం మళ్లీ తొడుక్కోకు."

ప్రాణం లేచొచ్చింది. వానలో దిగడం గురించీ, ఇంజిన్ల గురించీ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా తడుముకోకుండా చెప్పింది.

వారం తిరక్కుండానే ఆమెకు ఉద్యోగం, నాన్నకు యూనిఫాంల పని ఖాయమయ్యాయి. ఇంట్లో ఎవరి కాళ్లూ నేల మీద నిలవలేదు. నాన్న మొట్టమొదట కూతురి చొక్కానే కుట్టాడు. కంపెనీ చెప్పినట్టే భుజాల మీద రెండేసి గీతలు వేశాడు. మిగతా రెండేసి గీతలూ లోపలివైపు కుట్టాడు.