ఊసరవెల్లికి బదిలీ

ఒక పెద్ద అడవిలో చెట్లకన్నా ఆఫీసులు ఎక్కువైపోయాయి. ప్రతి ఆఫీసులో పనిచేసేది ఒక్కరే. మిగతావాళ్ళు ఆ పని మీద సంతకాలు పెడతారు. గాలి ఆఫీసులో ఆ ఒక్కతె రంగవల్లి అనే ఊసరవెల్లి.

రంగవల్లి పని వినడానికి చిన్నదే. రోజూ పొద్దున్నే అంగడివీధి నడుమనున్న మోడెక్కి గట్టిగా ఊపిరి పీల్చాలి. గాలి బాగుంటే ఒళ్ళు పచ్చబడుతుంది. వేసవి దుమ్ము లేస్తే పసుపు. పొగా, కంటికి కనపడని సన్నధూళీ కలిస్తే ఎరుపు. ఆ రంగు చూసుకునే జనం గడప దాటేవారు. అందరికన్నా ముందొచ్చి చూసేది ఉడుత మంగతాయి. ఆమె కూతురు తుర్రికి ఆయాసం.

"రంగమ్మక్కా, ఈ పూట పిల్లని వదలనా?"

"వదులు. పచ్చగానే ఉన్నాగా!"

వానాకాలమంతా రంగవల్లి లేత చిగురులా మెరిసింది. వాన దుమ్మును కడిగేసింది, ఈదురుగాలి పొగను ఊడ్చేసింది. సన్మానం మాత్రం ఆఫీసు కార్యదర్శి నక్క యుక్తేశ్వర్రావుకు జరిగింది. "ఇదంతా నా అహోరాత్ర కృషి" అని ఆయన దండ సర్దుకుంటుండగా ఆకాశం ఒక్కసారి ఉరిమింది. తన పేరు మరిచిపోయారని కాబోలు.

కార్తీకం వచ్చింది. వానలు ఆగాయి, గాలి కదలడం మానేసింది. ఎలుగుబంట్లు కోసిన చేలకు నిప్పు పెట్టాయి. అడవిపందుల ఇటుక బట్టీలు రాజుకున్నాయి. ఆ పొగ చలికి పైకి లేవలేక అంగడివీధి మీదే దుప్పటి కప్పుకుని పడుకుంది. రంగవల్లి ఎర్రబడింది. మంగతాయి తన తొర్రకు ఆకులు అడ్డం పెట్టింది.

మూడోరోజు యుక్తేశ్వర్రావు నుంచి పిలుపొచ్చింది.

"ఏమ్మా, శ్రావణంలో బాగానే ఉన్నావుగా? ఇప్పుడేం రోగం?"

"రోగం నాకు కాదు సార్, గాలికి."

"వచ్చే నెల సింహం దొరగారి మహాసభ. పొరుగు అడవుల నుంచి అతిథులొస్తున్నారు. మోడు మీద నువ్వు పండుమిరపకాయలా కూర్చుంటే మా పరువేం కాను?"

"బట్టీలు నెల్లాళ్ళు ఆపించండి. నేనే పచ్చబడతాను."

"బట్టీల్లో దొరగారి బావమరిదికి వాటా ఉంది." నక్క గొంతు తగ్గించింది. "పోనీ, సగటు తీయమ్మా. ఏడాది మొత్తం కలిపి చూస్తే నువ్వు పచ్చదానివే."

"ఏడాది మొత్తం కలిపి ఎవరు పీలుస్తారు సార్? ఈ పూట గాలి ఈ పూటే పీల్చాలి. తుర్రి శ్రావణంలో ఊపిరి దాచుకుని ఇప్పుడు వాడుకోలేదు."

నక్క ఇక వాదించలేదు. వాదనలో ఓడిపోయిన పెద్దలకు ఆఫీసుల్లో ఒక సదుపాయం ఉంది, దాని పేరు బదిలీ. "ప్రజాప్రయోజనం దృష్ట్యా" రంగవల్లిని ఆమడ దూరంలోని జలపాతానికి పంపేశారు.

అక్కడంతా తుంపర, తడిగాలి. లోపల ఎంత మండిపోతున్నా ఒళ్ళు పచ్చబడిపోతోంది. ఎర్రబడదామని పళ్ళు బిగబట్టి చూసింది. లాభం లేదు. రోజూ ఒక కాకి వచ్చి ఆ రంగు చూసుకుని, అంగడివీధికి ఎగిరిపోయి చాటింపు వేసేది: "పచ్చ! ఇవాళా పచ్చే!"

"ఇక్కడ నేను పచ్చగా ఉంటే అక్కడివాళ్ళకేంటే?" అని రంగవల్లి నిలదీసింది.

"రంగు చెప్పమన్నారు, ఊరు పేరు చెప్పమన్లేదు" అంది కాకి.

వారం తిరక్కుండా మంగతాయి కూతుర్ని నోట కరుచుకుని రొప్పుతూ వచ్చింది. కింద దించితే పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నువ్వు పచ్చన్నావనే కదక్కా ఆడుకోడానికి వదిలాను! నీ రంగు నమ్మాను!"

రంగవల్లి పిల్లను నీటి అంచుకు జరిపింది. తుంపరగాలికి కాసేపటికి తుర్రి ఊపిరి కుదుటపడింది.

"ఇక్కడే ఉండిపోండే."

"మా గింజల చెట్లన్నీ అక్కడే ఉన్నాయి. గాలి తిని ఎన్నాళ్ళు బతుకుతాం?"

పిల్ల తేరుకునేదాకా ఇక్కడే ఉండమని మంగతాయికి చెప్పి, రంగవల్లి సెలవుచీటీ కూడా రాయకుండా అంగడివీధికి బయల్దేరింది. ఊసరవెల్లి నడక తెలిసిందే: రెండడుగులు ముందుకు, ఆలోచించి ఒకటి వెనక్కి. అయినా ఆ ఏడాది గాలి ఆఫీసులో అంత వేగంగా కదిలింది ఇంకేదీ లేదు.

మహాసభ రోజు పొద్దునకు చేరింది. రంగవల్లి జలపాతం దగ్గర లేకపోయినా ఆగని కాకి చాటింపు నమ్మి సభ ఆరుబయటే పెట్టారు. రంగవల్లి వేదిక స్తంభం పాకి, సింహం తల పక్కన ఆగి, ఊపిరి పీల్చింది. ఎరుపు దాటి ముదురు ఊదారంగుకు తిరిగింది. అలాంటి రంగు తనలో ఉందని ఆమెకే తెలీదు.

"దాన్ని నమ్మకండి!" నక్క ఎగిరిపడింది. "ఊసరవెల్లి! రంగులు మార్చే జాతి!"

"మార్చమంది మీరు. మార్చనన్నది నేను" అంది రంగవల్లి.

తగువు గర్జనతో తేల్చేద్దామని సింహం గుండెనిండా గాలి పీల్చింది. గర్జన రాలేదు. ఖళ్ళుఖళ్ళున దగ్గు వచ్చింది. చివర్న పిల్లికూనలా సన్నటి కీచు. పొరుగు అతిథులు మర్యాదకు తలలెత్తి ఆకాశం వైపు చూశారు. ఆకాశం కనపడలేదు.

"మంచి గాలి... ఎక్కడుందిరా?" దొర ఎగశ్వాసతో అడిగాడు.

అబద్ధం అల్లే తీరిక నక్కకు చిక్కలేదు. "జలపాతం దగ్గర, దొరా."

సాయంత్రానికి దర్బారు జలపాతానికి కదిలింది. దర్బారు వెంట ఆఫీసులు. ఆఫీసులకు కొత్త భవనాలు, భవనాలకు ఇటుకలు కావాలి కాబట్టి బట్టీలూ బయల్దేరాయి. దొరగారి వంటశాలకు దగ్గరుండాలని ఎలుగుబంట్లు అక్కడే కొత్త చేలు కొట్టాయి. యుక్తేశ్వర్రావుకు "వాయు సంరక్షకుడు"గా పెద్ద పదవి వచ్చింది. ఆ ఉత్తర్వు చదవడానికి ఆయన నాలుగుసార్లు ఆగి దగ్గాల్సి వచ్చింది.

మంగతాయి పిల్లను కరుచుకుని వెనక్కి వచ్చేసింది. అది పుష్యమాసం, నడి చలికాలం. అయినా పదిహేనురోజులకు అంగడివీధిలో ఎదుటి చెట్టు కనపడింది, నెలకు ఆ వెనక కొండ కనపడింది. రంగవల్లి ఎక్కడ పనిచేస్తోందో అడిగే నాథుడు లేడు. ఆమె మోడెక్కి ఊపిరి పీల్చింది. తోకనుంచి తలదాకా పచ్చ.

తుర్రి ఆమె వీపు మీదుగా దూకి చెట్టు చిటారుకొమ్మకు పరిగెత్తింది.

"దిగవే, పడి చస్తావ్!" అని మంగతాయి కిందనుంచి కేకలేసింది. ఎన్నాళ్ళకో ఆమెకు మామూలు తల్లుల భయం దొరికింది.

ఇందులో నేర్చుకోవలసింది ఒకటే: ఊళ్ళో గాలి బాగుపడాలంటే ఉద్యమాలెందుకు, ఇంతకన్నా మంచి గాలి ఎక్కడుందో పెద్దలకు చెప్పి సాగనంపితే చాలు.