బావమరిది మాట మీద కొన్న సైకిల్

గ్యాస్ బుక్ చేయాలి. కుళాయి వాషర్ మార్చాలి. నాన్న కళ్లజోడు తేవాలి. సైకిల్ కొనాలి. మీటర్ రీడరు ఆ ఉదయం చీటీ మీద రాసుకున్న పనులివి. మొదటి మూడూ వాయిదా వేసినా కొంప మునగదు. నాలుగోది అలా కాదు. అతని డ్యూటీ కొండ మీది నీళ్ల ట్యాంకు దగ్గర. రాని బస్సు కోసం కాచుకుని ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా చేరాడు. రేపు కూడా పది దాటితే బదిలీ తప్పదని ఆఫీసరు తేల్చి చెప్పారు.

తోడుగా బావమరిది బయలుదేరాడు. పరాయివాళ్ల ముందు బావ పరువు కాపాడటం తన బాధ్యతని అతని గట్టి నమ్మకం.

సైకిల్ షాపు మెకానిక్ నెమ్మదస్తుడు. "ఎలా తొక్కుతారు సార్? ఎక్కడం ఎక్కువా, దిగడం ఎక్కువా? దాన్నిబట్టే బండి."

"కొండ మీది ట్యాంకు దాకా మట్టిరోడ్డండీ. మెల్లగా ఎక్కి..." అని మీటర్ రీడరు మొదలుపెట్టాడు.

"మెల్లగా ఏంటి బావా!" అని బావమరిది అడ్డుపడ్డాడు. "ఆయనకి మొహమాటం సార్. బండరాళ్ల మీంచి ఎగిరి దూకుతాడు. నేను కళ్లారా చూశా."

కాదంటే బావమరిది మాట పోతుంది, ఇంటికెళ్లాక వాళ్లక్క ఊరుకోదు. మీటర్ రీడరు నేలచూపులు చూశాడు. మెకానిక్ దాన్ని వినయం అనుకున్నాడు.

"అయితే తేలిక బండి మీకు ఆగదు," అంటూ ముందూ వెనకా కుదుపులు మింగే సస్పెన్షన్ ఉన్న భారీ సైకిల్ బయటికి తీశాడు. కొండ దిగడానికే చేసిన బండి అది. "రేపు ఆ కొండ దగ్గరికి మా సైకిల్ క్లబ్బువాళ్లు నలుగురొస్తారు. కాస్త నేర్పండి మాస్టారూ."

"దానికేం, తప్పకుండా!" అన్నది బావమరిదే.

మర్నాడు తొమ్మిదింటికి కొండ కింద క్లబ్బువాళ్లు నలుగురూ హెల్మెట్లతో సిద్ధంగా ఉన్నారు, మెకానిక్ కూడా వచ్చాడు. బావ వెంట బావమరిదీ వచ్చాడు. మీటర్ రీడరు పది గజాలు తొక్కాడు. బండి మూలుగుతూ ఆగింది. దిగి నెట్టసాగాడు.

"ఎక్కేటప్పుడు తొక్కరా మాస్టారూ?"

"ముందు... దారి చూసుకోవాలి కదండీ," అన్నాడు, ఆయాసంలో అంతకంటే మంచి అబద్ధం దొరక్క.

నలుగురూ భక్తిగా దిగి నెట్టారు. ఒకాయన గుంతలన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

ట్యాంకు గేటు దగ్గర ఆఫీసరు గడియారం చూశారు. తొమ్మిదీ నలభై. "రోజూ ఇలాగే రండి," అని హాజరుపట్టీ ముందుకు జరిపారు. మీటర్ రీడరు సంతకం పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇక దూకండి మాస్టారూ!"

"డ్యూటీ ఎక్కేశానండీ," అన్నాడు మీటర్ రీడరు. "అయినా నాకు నేర్పింది మా బావమరిదే. ఆయన ముందు నేనెంత?"

బావమరిది ఓ అడుగు వెనక్కి వేశాడు. "బావా, అదీ... నాకివాళ..."

"ఆయనకి మొహమాటమండీ," అంటూ మీటర్ రీడరు సైకిల్ అతని చేతికిచ్చాడు.

దిగుతూ మొదటి మలుపు దాకా బావమరిది కనిపించాడు. తర్వాత ముళ్లపొదలోంచి గొంతు మాత్రం వినిపించింది: "అక్కకి చెప్పకు బావా!"

సాయంత్రం మెకానిక్ మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మీటర్ రీడరు ఈసారి ఒంటరిగా వెళ్లాడు. "మెల్లగా ఎక్కుతాను. భయంభయంగా దిగుతాను."

"ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా సార్!" అంటూ మెకానిక్ ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న తేలిక సైకిల్ మార్చి ఇచ్చాడు.

మీరూ సైకిల్ కొనడానికి వెళ్తే, ఎలా తొక్కుతారని అడిగినప్పుడు ఆ బావమరిదిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. అతనింకా నిలబడే భోంచేస్తున్నాడు.