నూట తొంభై ఆరుగురి సహనం

గురువారం ఉదయం శేషుకుమారి వేసుకున్న పథకం చిన్నదే. బట్టలు ఆరేసి, లైబ్రరీకి వెళ్లి ఒక అంకె సరిచూసుకుని, మధ్యాహ్నం లోపు సన్మానపత్రం ముగించాలి. వలస వచ్చి వెస్ట్‌మీడ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడైన వాసుదేవరావు, ఆ ఆదివారం స్కౌట్ హాల్లో మంత్రి మార్క్ గారికి సన్మానం తలపెట్టాడు. ఎన్నికలకు నెల రోజులుంది. తెలుగు ఎం.ఏ. చదివినందుకు పత్రం రాసే పని శేషుకుమారి మీద పడింది.

మంత్రిగారి కరపత్రం వంటింటి బల్ల మీదే ఉంది. రెండు వందల మంది విదేశీ డాక్టర్లకు ఇక్కడ వైద్యం చేసుకునేందుకు తాను రిజిస్ట్రేషన్ ఇప్పించానన్నది అందులో మొదటి మాట. ఆమె భర్త హేమచంద్ర గుంటూరులో తొమ్మిదేళ్లు వైద్యం చేసి వచ్చి, ఇక్కడ నాలుగేళ్లుగా ఓ ల్యాబ్‌లో రక్తం సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు. మెడికల్ బోర్డుకు మంత్రి చేత ఒక సిఫారసు ఉత్తరం రాయించుకోవాలి; ఈ సన్మానం మీద అతను పెట్టుకున్న ఆశంతా అదే. ఆ రెండు వందల మందిలో తన మొగుడెందుకు లేడన్నది శేషుకుమారికి వచ్చిన సందేహం.

లైబ్రరీ ఆవిడ శాసనసభ చర్చల సంపుటం తెచ్చి ముందు పెట్టింది. కిందటి సెప్టెంబరులో ఎవరో ప్రశ్న అడిగితే, మార్క్ గారే లేచి జవాబు చెప్పారు. దరఖాస్తులు రెండు వందలు అందాయి. రిజిస్ట్రేషన్ నలుగురికి వచ్చింది. మిగతావి పరిశీలనలో ఉన్నాయి. ఆమె ఆ పేజీ జిరాక్స్ తీయించింది.

సాయంత్రం హేమచంద్ర అది చదివి, మడిచి, ఆమె చేతికే ఇచ్చాడు.

“నాకు తెలీదనుకున్నావా? ఆ నూట తొంభై ఆరుగురిలో నేనూ ఒకణ్ణి. మనకి లెటర్ ఇంపార్టెంట్. నువ్వు రాసేది సన్మానపత్రం, పోస్ట్‌మార్టం రిపోర్టు కాదు.”

“అబద్ధం రాయమంటారా?”

“ఎవరు వింటారే దాన్ని? పులిహోర ఎప్పుడు పెడతారా అని చూస్తుంటారు.”

ఆ మాట ఆమెకు నచ్చింది. ఎవరూ వినని చోట నిజం రాస్తే మాత్రం నష్టమేముంది? “రెండు వందల విన్నపములను స్వీకరించి, నలుగురిని మాత్రము కటాక్షించి, శేషించిన నూట తొంభై ఆరుగురికి సహనమను మహాగుణమును అలవరచిన ఓ వదాన్యా” అని మొదలుపెట్టి రెండు పేజీలు అదే పాకంలో పోసింది.

ఆదివారం వాసుదేవరావు దాన్ని రాగం తీసి చదివాడు. “ఓ” అన్న ప్రతిసారీ హాలంతా చప్పట్లు కొట్టింది. శాలువా కప్పారు, చామంతి దండ వేశారు. అర్థమేమిటని మంత్రి అడిగితే, తమరంతటి దాత లేడని దాని సారాంశమని వాసుదేవరావు ఇంగ్లీషులో చెప్పాడు. మంత్రి కరిగిపోయి, వచ్చే శుక్రవారం హేమచంద్ర ఉత్తరం మీద సంతకం పెడతానని మాటిచ్చి, ఫ్రేము కట్టిన పత్రం చంకలో పెట్టుకుని వెళ్లాడు.

సోమవారం ఆయన ఆఫీసు ఆ పత్రాన్ని అనువాదానికి పంపింది. అనువాదకుడెవరో నిజాయితీపరుడు, ఒక్క మాట పోనివ్వలేదు. ప్రచారం చూసేవాళ్లు దాని మీద దండ ఫొటో వేసి, “వలస వచ్చినవారి మనసులో మాట” అని పేరు పెట్టి, ఊళ్లో ఉన్న లెటర్‌బాక్సులన్నిటిలో వేయించారు. వాళ్లలోనూ ఎవరూ చదవలేదు. ఆ విషయంలో రెండు దేశాల సంప్రదాయమూ ఒకటే.

శుక్రవారం ఉత్తరానికి బదులు వాసుదేవరావు వచ్చాడు, చేతిలో ఆ కాగితంతో.

“ఏంటమ్మా ఇది? నేనేగా చదివింది, నాకప్పుడు తప్పేం కనబడలేదే.”

“ఇప్పుడూ లేదంకుల్,” అని ఆమె జిరాక్స్ అందించింది.

ఆయన చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. “నిజమే అనుకో. ఎలక్షన్ అయ్యాక రాయొచ్చుగా.”

లోకల్ పేపరు శాసనసభ సంపుటం తిరగేసి, ఆ జవాబునూ ఈ అనువాదాన్నీ పక్కపక్కన అచ్చేసింది. ప్రత్యర్థి హెలెనా వాటిని పట్టుకుని గడపగడపా తిరిగి, ఆ నూట తొంభై ఆరుగురికీ తాను న్యాయం చేస్తానంది. మార్క్ గారు మూడు వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు; ఆ మంత్రి పదవి హెలెనాకే దక్కింది. టైపు చేసి సిద్ధంగా ఉన్న సిఫారసు ఉత్తరం సంతకం లేకుండానే ఆయన ఫైళ్లతో పాటు అట్టపెట్టెలోకి వెళ్లింది. పది రోజుల పాటు హేమచంద్ర ఇంట్లో కూరలో ఉప్పు గురించి తప్ప మాట్లాడలేదు. పదకొండో రోజున కొత్త మంత్రి పేరున కొత్త ఫారం నింపాడు.

ఏడాది గడిచింది. వాసుదేవరావు ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, హెలెనా గారికి సన్మానం పెట్టుకున్నాం. నూట తొంభై ఆరుగురినీ ఆదుకున్నానని ఆవిడ పాంఫ్లెట్ వేసింది. మీవాడి లెటర్ సంగతి నేను మాట్లాడతా. నువ్వు మాత్రం ఈసారి ఆ లైబ్రరీ ఛాయలకు పోకు.”

ఆమె సరేనంది. పక్కనే హేమచంద్ర వింటూ ఉన్నాడు. మర్నాడు గురువారం. అతను ల్యాబ్‌కు వెళ్లిపోయాక చూస్తే, కాఫీ గ్లాసు పక్కన ఆమె లైబ్రరీ కార్డు తీసి పెట్టి ఉంది.

బట్టలు ఆరేసి వెళ్లి, శాసనసభ కొత్త సంపుటం చూసుకుని, మధ్యాహ్నానికి వచ్చేసింది. పాత పత్రం చిత్తుప్రతి తీసి పేరు మార్చింది. అంకెలు మార్చే అవసరం రాలేదు.